కన్విన్స్, పర్‌స్వేడ్: "ఒప్పించాను" అని ఇంగ్లీషులో సరిగ్గా చెప్పడం ఎలా?

"ఐ కన్విన్స్డ్ మై ఫాదర్ ఎ లాట్, బట్ హి డిడ్ నాట్ అగ్రీ."

శ్రీకాకుళంలో సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్న ఇన్నేళ్లలో ఈ వాక్యం వినిపించని బ్యాచ్ లేదు. ఆమదాలవలస, నరసన్నపేట, పొందూరు నుంచి బస్సెక్కి వచ్చే డిగ్రీ పిల్లలూ, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లూ, స్కూల్లో పాఠాలు చెప్పే టీచర్లూ అందరూ ఏదో ఒక రోజు ఈ మాట అంటారు. కాలం, కర్త, క్రియ అన్నీ సరిగానే ఉంటాయి. అయినా ఇంగ్లీషు బాగా తెలిసినవాళ్లు ఇది వింటే ఒక్క క్షణం ఆగిపోతారు. వాళ్ల చెవికి అది ఇలా వినిపిస్తుంది: "మా నాన్నని బాగా ఒప్పించాను, కానీ ఆయన ఒప్పుకోలేదు."

తెలుగులో ఇలా ఎవరమూ అనం. "బాగా నచ్చజెప్పాను, కానీ ఒప్పుకోలేదు" అంటాం. మన ఇళ్లలో అయితే "ఎంత సెప్పినా ఇన్లేదు" అంటాం. ప్రయత్నానికి ఒక మాట, ఫలితానికి ఇంకో మాట మనకు చక్కగా ఉన్నాయి. "కన్విన్స్ చేయడం" అనే మాట తెలుగులోకి వచ్చాక ఆ రెండూ కలిసిపోయాయి. "రెండు గంటలు కన్విన్స్ చేశాను, వినలేదు" అని తెలుగులో మాట్లాడేటప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. అదే వాక్యం ఇంగ్లీషులోకి వెళ్లినప్పుడే చిక్కు.

కన్విన్స్, పర్‌స్వేడ్ అనే రెండు ఇంగ్లీషు క్రియల తేడా ఏమిటని నన్ను అడిగేవాళ్లు చాలామంది. క్లాసులో ముక్కలు ముక్కలుగా చెబుతున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి.

ముందుగా కావలసినవి

ఒక నోట్‌బుక్, పెన్ను. మాట పలికి వినిపించే డిక్షనరీ యాప్ ఉన్న ఫోన్. ఈ మధ్య మీ ఇంట్లో నిజంగా జరిగిన ఒక సంగతి, అంటే మీరు ఎవరినైనా ఒప్పించిన లేదా ఒప్పించలేకపోయిన సందర్భం. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకంలో రాముడు, సీత పేర్లతో ఉన్న వాక్యాలు పరీక్ష అయిపోగానే మరిచిపోతాం. మన నాన్న, మన అక్క, మన హాస్టల్ ఫీజు ఉన్న వాక్యం గుర్తుండిపోతుంది.

డిక్షనరీ విషయంలో ఒక జాగ్రత్త. ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఉన్న చిన్న డిక్షనరీల్లో కన్విన్స్‌కు "నమ్మించు" అని ఒక్క మాటే కనిపించవచ్చు. తెలుగులో నమ్మించడం అనగానే మోసం వాసన వస్తుంది, "నమ్మించి గొంతు కోశాడు" అంటాం కదా. ఇంగ్లీషు కన్విన్స్‌లో దానంతట అదిగా ఆ చెడు లేదు. నిజం చెప్పి, ఆధారాలు చూపించి నమ్మకం కలిగించినా కన్విన్సే. కాబట్టి రెజ్యుమేలోనూ ఉత్తరంలోనూ ఈ మాట రాయడానికి భయపడకండి.

1. మీరు చెప్పబోయేది ముందు మంచి తెలుగులో రాయండి

"కన్విన్స్" అనే మాట వాడకుండా రాయాలి. నిబంధన ఇదొక్కటే. ఆ మాటను పక్కన పెట్టగానే, జరిగిందానికి సరైన తెలుగు క్రియ వెతుక్కోక తప్పదు. ఆ తెలుగు క్రియే మీకు ఇంగ్లీషు క్రియను చూపిస్తుంది.

"నచ్చజెప్పాను" అని వచ్చిందనుకోండి. అది ప్రయత్నం. ఇంగ్లీషులో "ఐ ట్రైడ్ టు కన్విన్స్ హిమ్" లేదా "ఐ ట్రైడ్ టు పర్‌స్వేడ్ హిమ్". ట్రైడ్ టు అనే రెండు మాటలూ ఉండి తీరాలి.

"ఒప్పించాను" అంటే పని పూర్తయింది. అవతలి మనిషి సరే అన్నాడు. "ఐ పర్‌స్వేడెడ్ హిమ్".

"నమ్మకం కలిగించాను" అంటే కూడా పని పూర్తయిందే, కాకపోతే అది మనసులో జరిగింది. "ఐ కన్విన్స్డ్ హిమ్".

"బతిమాలాను" అని వస్తే అది కన్విన్స్ కాదు, పర్‌స్వేడ్ కూడా కాదు. "ఐ బెగ్డ్ హిమ్" లేదా "ఐ ప్లీడెడ్ విత్ హిమ్". "సలహా ఇచ్చాను" అంటే "ఐ అడ్వైజ్డ్ హిమ్". "గట్టిగా చెప్పాను" అంటే "ఐ అర్జ్డ్ హిమ్". ఈ మాటల్లో అవతలివాళ్లు ఒప్పుకున్నారా లేదా అన్నది ఉండదు. అందుకే వాటి వెనక "బట్ హి డిడ్ నాట్ అగ్రీ" హాయిగా పెట్టుకోవచ్చు.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఏడుస్తున్న పిల్లాడిని "కన్విన్స్ చేశాను" అంటాం. అలిగిన చెల్లెల్ని "కన్విన్స్ చేసి అన్నం తినిపించాను" అంటాం. అక్కడ నిజంగా జరిగింది సముదాయించడం, బుజ్జగించడం. ఇంగ్లీషులో "ఐ కన్విన్స్డ్ ద క్రయింగ్ చైల్డ్" అంటే, పిల్లాడితో వాదించి ఏదో విషయం రుజువు చేసినట్టు ఉంటుంది. అక్కడ "ఐ కామ్డ్ ద చైల్డ్ డౌన్" అనాలి. చెల్లెలు తినకపోతే తినేలా చేశారు కాబట్టి "ఐ కోక్స్డ్ హర్ టు ఈట్" అనవచ్చు. కోక్స్ అంటే ప్రేమగా, ఓపిగ్గా బుజ్జగించి ఒప్పించడం. ఆ మాట కొత్తగా అనిపిస్తే "పర్‌స్వేడెడ్ హర్ టు ఈట్" అన్నా సరిపోతుంది.

2. వాక్యం చివర "కానీ ఒప్పుకోలేదు" తగిలించి చూడండి

తెలుగులో రాసిన వాక్యం చివర ఈ రెండు మాటలూ చేర్చండి. వాక్యం నిలబడితే మీది ప్రయత్నం. విరిగిపోతే మీది ఫలితం.

"అక్కకి రెండు గంటలు నచ్చజెప్పాను, కానీ ఒప్పుకోలేదు." నిలబడింది. ట్రైడ్ టు కావాలి.

"అక్కని ఒప్పించాను, కానీ ఒప్పుకోలేదు." విరిగిపోయింది. ట్రైడ్ టు అక్కర్లేదు.

ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు. మొదటి నెల రోజులు ప్రతి వాక్యానికీ చేయండి. తరవాత మీ చెవే పట్టేస్తుంది.

ఇప్పుడే జరుగుతున్న దానికి కూడా ఇదే వర్తిస్తుంది. "ఐ యామ్ కన్విన్సింగ్ మై పేరెంట్స్" అని చాలామంది అంటారు, ఇంట్లో మాటలు ఇంకా నడుస్తున్నాయని చెప్పడానికి. ఫలితం ఇంకా రాలేదు కదా, కాబట్టి "ఐ యామ్ ట్రయింగ్ టు కన్విన్స్ మై పేరెంట్స్" అనండి. ఒప్పించలేకపోతే "ఐ కుడ్ నాట్ కన్విన్స్ దెమ్" అని నేరుగా చెప్పవచ్చు. అందులోనే ప్రయత్నించి విఫలమయ్యామన్న అర్థం వచ్చేస్తుంది, ట్రైడ్ అని వేరే చెప్పనక్కర్లేదు.

మరి "ఎ లాట్", "వెరీ మచ్" సంగతి? "బాగా కన్విన్స్ చేశాను" అనే తెలుగు అలవాటు నుంచి ఇవి వస్తాయి. ఫలితానికి ఎక్కువ తక్కువలు ఎక్కడివి? కష్టపడ్డామని చెప్పాలంటే ఆ బలాన్ని ప్రయత్నం మీద పెట్టండి: "ఐ ట్రైడ్ హార్డ్ టు కన్విన్స్ హిమ్."

3. నమ్మకమా, పనా? ఇక్కడే రెండు క్రియలూ విడిపోతాయి

ఈ అడుగు మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అందరూ అడిగేది ఇదే.

ఉద్దానం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి క్లాసులో తన మామ్మ గురించి చెప్పింది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వస్తోందని ఊళ్లో మైకులో చెబుతున్నారు. మామ్మది తాటాకుల ఇల్లు. స్కూలు బిల్డింగ్‌లోకి వచ్చేయమంటే రాదు. "ఇలాటి గాలులు నా పుట్టిన కాడ్నించి సూస్తన్నాను" అని గుమ్మంలో కూర్చుంది. చివరికి మనవరాలు ఏడ్చి, ఆవుదూడను కూడా తీసుకెళదామని చెప్పి, పదో తేదీ రాత్రి మామ్మను స్కూలుకు తీసుకెళ్లింది. మామ్మ వచ్చింది. కానీ దారంతా "ఏటీ అవదు" అంటూనే ఉంది. పదకొండో తేదీ తెల్లవారుజామున తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి తోటలు, జీడి తోటలు ఏమయ్యాయో మన జిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ అమ్మాయి దీన్ని ఇంగ్లీషులో చెప్పబోయి, కన్విన్స్ అనాలా పర్‌స్వేడ్ అనాలా అని ఆగిపోయింది. నేను రెండు ప్రశ్నలు అడిగాను. మామ్మ ఇల్లు వదిలి వచ్చిందా? వచ్చింది. తుఫాను ప్రమాదమని మామ్మ నమ్మిందా? నమ్మలేదు. అంతే, వాక్యం దానంతట అదే వచ్చేసింది:

"వి పర్‌స్వేడెడ్ హర్ టు లీవ్ ద హౌస్, బట్ వి కుడ్ నాట్ కన్విన్స్ హర్ దట్ ద స్టార్మ్ వాజ్ డేంజరస్."

ఇల్లు వదలడం ఒక పని. ఒక మనిషిని ఒక పని చేసేలా ఒప్పించడం పర్‌స్వేడ్. ప్రమాదం అనుకోవడం ఒక నమ్మకం. మనసులో ఆ నమ్మకం కలిగించడం కన్విన్స్. నమ్మకుండానే పని చేసేవాళ్లు ఉంటారు, మామ్మలాగా. నమ్మి కూడా పని చేయనివాళ్లూ ఉంటారు. పొగాకు మంచిది కాదని మా పెద్దనాన్నకు పూర్తిగా నమ్మకమే, చుట్ట మాత్రం మానలేదు. ఆయన విషయంలో "హి ఈజ్ కన్విన్స్డ్ దట్ టొబాకో ఈజ్ హార్మ్‌ఫుల్, బట్ నోబడీ కెన్ పర్‌స్వేడ్ హిమ్ టు స్టాప్."

ఈ రెండు వాక్యాలూ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. సందేహం వచ్చినప్పుడల్లా ఆ పేజీ తిప్పితే చాలు.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. "హి కన్విన్స్డ్ మి టు జాయిన్" అని సినిమాల్లో, వార్తల్లో వింటున్నాం, అది తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా అమెరికా ఇంగ్లీషులో, కన్విన్స్‌ను పర్‌స్వేడ్ చోట వాడటం బాగా పెరిగింది. ఇప్పటి డిక్షనరీలు దాన్ని ఒప్పుకుంటాయి. కానీ పాత పద్ధతిలో చదువుకున్న కొందరు దాన్ని ఇష్టపడరు. కాబట్టి మాట్లాడేటప్పుడు ఏదైనా అనండి. పరీక్షలో ఖాళీ తర్వాత మనిషి, ఆ తర్వాత "టు" ఉండి, రెండు క్రియలూ ఆప్షన్లలో కనిపిస్తే పర్‌స్వేడ్ పెట్టండి. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

4. "ఎవరిని?" అన్న ప్రశ్నకు జవాబు క్రియ పక్కనే పెట్టండి

ఈ రెండు క్రియల వెనక వెంటనే మనిషి రావాలి, మధ్యలో ఏ మాటా ఉండకూడదు. "ఐ కన్విన్స్డ్ టు మై ఫాదర్" తప్పు. "ఐ కన్విన్స్డ్ మై ఫాదర్" ఒప్పు.

ఆ "టు" ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే తీసేయడం సులువు. నాన్నకి నచ్చజెప్పాం, కాబట్టి "కి" మనసులో ఉంది. ఆ "కి" ఇంగ్లీషులో "టు" అయి కూర్చుంటుంది. నాన్నని ఒప్పించాం అని మార్చుకోండి. "ని" వచ్చినచోట ఇంగ్లీషులో ఏమీ అక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే ఎక్స్‌ప్లెయిన్ దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. అక్కడ "టు" కావాలి, మనవాళ్లు వదిలేస్తారు. "హి ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద రూల్స్" అంటారు. "హి ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్స్ టు మి" అనాలి. ఈ రెండింటినీ పక్కపక్కన రాసుకుంటే ఒకదాన్ని చూసి ఇంకోటి గుర్తుంటుంది.

మనిషిని అసలు చెప్పకుండా వదిలేయడం ఇంకో పొరపాటు. "ఫైనల్లీ ఐ కన్విన్స్డ్" అని ఆపేస్తారు. ఎవరిని? వినేవాళ్లు ఎదురుచూస్తూ ఉండిపోతారు. "ఫైనల్లీ ఐ కన్విన్స్డ్ దెమ్" అని పూర్తి చేయండి.

5. మనిషి తర్వాత ఏం రావాలి

మనిషి తర్వాత పూర్తి వాక్యం వస్తే "దట్" పెట్టండి: "షి కన్విన్స్డ్ హర్ బ్రదర్ దట్ ద కోర్స్ వాజ్ గుడ్."

ఒక్క నామవాచకమే వస్తే "ఆఫ్" పెట్టండి: "షి కన్విన్స్డ్ హిమ్ ఆఫ్ ఇట్స్ వాల్యూ."

పని వస్తే "టు", దాని పక్కన మార్పేమీ లేని క్రియ: "షి పర్‌స్వేడెడ్ హిమ్ టు జాయిన్." టు జాయిన్డ్ కాదు, టు జాయినింగ్ కాదు. పని చేయవద్దని ఒప్పిస్తే "నాట్ టు": "వి పర్‌స్వేడెడ్ అంకుల్ నాట్ టు సెల్ ద ల్యాండ్."

ఎక్కువగా వినిపించే తప్పు "ఫర్". "ఐ కన్విన్స్డ్ మై ఫాదర్ ఫర్ హాస్టల్." హాస్టల్ కోసం ఒప్పించాను అనే తెలుగును మాటకు మాట మార్చడం వల్ల వచ్చింది. హాస్టల్ విషయంలో నాన్న చేయవలసిన పని ఏమిటో చెప్పండి: "ఐ పర్‌స్వేడెడ్ మై ఫాదర్ టు సెండ్ మి టు ఎ హాస్టల్."

పర్‌స్వేడ్‌తో ఇంకో రెండు రూపాలు ఉన్నాయి. మొదట ఇష్టం లేని పనిలోకి దింపితే "ఇంటు": "దే పర్‌స్వేడెడ్ హిమ్ ఇంటు బైయింగ్ ఎ బైక్." అనుకున్న పని నుంచి వెనక్కి తిప్పితే "ఔట్ ఆఫ్": "పర్‌స్వేడెడ్ హిమ్ ఔట్ ఆఫ్ బైయింగ్ ఎ బైక్." ఈ రెండిటి తర్వాత మాత్రం క్రియకు ఇంగ్ రావాలి. వెనక్కి తిప్పడానికి డిస్వేడ్ అనే క్రియ కూడా ఉంది, దాని పక్కన "ఫ్రమ్" వస్తుంది. అది పత్రికల్లో, పోటీ పరీక్షల్లో కనిపిస్తుంది. రోజూ మాట్లాడటానికి లేకపోయినా ఫర్వాలేదు.

6. "చేశాడు", "అయ్యాడు" కలిసిపోకుండా చూసుకోండి

తెలుగులో కన్విన్స్ చేశాడు, కన్విన్స్ అయ్యాడు అని చక్కగా తేడా చూపిస్తాం. ఇంగ్లీషుకు వెళ్లేసరికి రెండూ "హి కన్విన్స్డ్" అయిపోతున్నాయి.

చేశాడు అయితే: "హి కన్విన్స్డ్ మి."
అయ్యాడు అయితే: "హి వాజ్ కన్విన్స్డ్."
అవ్వలేదు అయితే: "హి వాజ్ నాట్ కన్విన్స్డ్."

"అయ్యాడు" వినిపించినచోట "వాజ్" ఉండాలి. "నాకు గట్టి నమ్మకం" అని చెప్పడానికి కూడా ఇదే: "ఐ యామ్ కన్విన్స్డ్ దట్ షి విల్ పాస్." ఇందులో "యామ్" వదిలేసి "ఐ కన్విన్స్డ్ దట్ షి విల్ పాస్" అని రాసేవాళ్లు చాలామంది. వ్యాసాల్లో నేను ఎక్కువగా దిద్దే వాక్యం ఇదే.

దీని పక్కనే కన్విన్సింగ్ ఉంది. కన్విన్స్డ్ అంటే నమ్మకం కలిగిన మనిషి. కన్విన్సింగ్ అంటే నమ్మకం కలిగించేలా ఉన్న మాట, కారణం, లేదా మాట్లాడే మనిషి. "హి ఈజ్ నాట్ కన్విన్సింగ్" అంటే అతని మాట నమ్మేలా లేదు అని. అతను నమ్మలేదు అని చెప్పాలనుకుని ఇది అంటే, ఎదుటి మనిషి మీద నింద వేసినట్టే అవుతుంది. ఆఫీసులో పై అధికారి గురించి రాసేటప్పుడు ఈ ఒక్క మాట దగ్గర రెండోసారి చూసుకోండి.

7. పలకడం సరిచేసుకోండి

కన్విన్స్‌లో రెండో భాగం మీద ఊనిక ఉండాలి, అక్కడ "వి" పొట్టిగా ఉండాలి. "కన్వీన్స్" అని సాగదీస్తే, వినేవాళ్లు కన్వీనియెన్స్ అనుకునే ప్రమాదం ఉంది. ఆఫీసుల్లో కన్వేయెన్స్ కూడా ఉంది, అంటే రాకపోకల ఖర్చు. మూడూ వేరువేరు మాటలు. "ప్లీజ్ సాంక్షన్ మై కన్విన్స్ అలవెన్స్" అని రాసిన అప్లికేషన్ నేను కళ్లారా చూశాను. రాసినవారు చాలా తెలివైన మనిషి, కేవలం చెవితో విన్నది రాశారు.

కన్విన్స్డ్ అని ఇక్కడ అందరికీ అలవాటైన తీరులో రాస్తున్నాను. నోటితో పలికేటప్పుడు చివర "ట్" వినిపించాలి: కన్విన్‌స్‌ట్.

పర్‌స్వేడ్‌ను స్పెల్లింగ్ చూసి "పర్సుయేడ్" అంటారు. అందులో "యు" ఉన్నా అది "స్వే" అనే ఒకే భాగంగా పలుకుతుంది, స్వీట్‌లో "స్వీ" లాగా. గతకాలంలో చివర "డిడ్" అని స్పష్టంగా ఇంకో భాగం రావాలి. యాప్‌లో రెండుసార్లు విని, మీ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి పోల్చుకోండి. గది తలుపు వేసుకుని చేయండి, సిగ్గు లేకుండా ఉంటుంది.

ఇంటర్వ్యూలో అడిగితే

"మీరు ఎవరినైనా ఒప్పించిన సందర్భం చెప్పండి" అన్న ప్రశ్న ఉద్యోగ ఇంటర్వ్యూల్లో తరచూ వస్తుంది. పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్లి, టెన్షన్‌లో "ఐ కన్విన్స్డ్ మై ఫ్రెండ్స్ వెరీ మచ్" అని వచ్చేసినవాళ్లు నాకు తెలుసు. ఈ ప్రశ్నకు గొప్ప కథ అక్కర్లేదు, జరిగిన చిన్న సంగతి చాలు. పలాసలో మావయ్య జీడిపప్పు దుకాణంలో సెలవుల్లో కూర్చున్న ఒక అబ్బాయి తయారు చేసుకున్న జవాబు చూడండి. ఒక స్వీట్ షాపు యజమాని ఎప్పుడూ పూర్తి పప్పే కొనేవాడు. స్వీటు కోసం ఎలాగూ పొడి చేస్తారు కదా, ధర తక్కువ ఉన్న ముక్క పప్పు కొనవచ్చు కదా అని ఈ అబ్బాయి చెప్పాడు.

"ఎ స్వీట్ షాప్ ఓనర్ ఆల్వేస్ బాట్ హోల్ క్యాష్యూస్. ఐ టోల్డ్ హిమ్ దట్ బ్రోకెన్ పీసెస్ టేస్ట్ ద సేమ్ అండ్ కాస్ట్ లెస్. హి వాజ్ నాట్ కన్విన్స్డ్. సో ఐ పర్‌స్వేడెడ్ హిమ్ టు ట్రై ఫైవ్ కిలోస్. ఆఫ్టర్ దట్, హి వాజ్ కన్విన్స్డ్."

అయిదు చిన్న వాక్యాలు. మొదట నమ్మలేదు, అయినా కొని చూడటానికి ఒప్పుకున్నాడు, చూశాక నమ్మాడు. క్రియలు సరిగ్గా పడ్డాయి కాబట్టి జరిగిన వరస మొత్తం కళ్లకు కడుతుంది. మీ సంగతిని ఇదే అచ్చులో పోసుకోండి, కానీ ఈ వాక్యాలనే బట్టీ పట్టకండి. జీడిపప్పు గురించి ఇంకో ప్రశ్న అడిగితే దొరికిపోతారు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మీరు రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని ఒక రోజు ఆగి, మళ్లీ తెలుగులోకి మార్చండి. కన్విన్స్ ఉన్నచోట "నమ్మకం కలిగించు" అని, పర్‌స్వేడ్ ఉన్నచోట "ఒప్పించు" అని పెట్టండి. "కన్విన్స్ చేయు" అని పెడితే ఈ పరీక్ష పనిచేయదు, తప్పు మళ్లీ దాక్కుంటుంది. తిరిగి వచ్చిన తెలుగు మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. వాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. "అదేటి, ఒప్పించానంటావు, ఒప్పుకోలేదంటావు?" అని మీ అమ్మే తప్పు పట్టేస్తుంది.

ఇప్పుడు ఈ ఆరు వాక్యాలు ఇంగ్లీషులో రాయండి. కింద జవాబులు ఉన్నాయి, చేత్తో మూసుకోండి.

అ) రథసప్తమికి అరసవల్లి రమ్మని స్నేహితురాలిని ఒప్పించాను.
ఆ) తాతయ్యకు ఆపరేషన్ గురించి ఎంతో నచ్చజెప్పాం, ఆయన వినలేదు.
ఇ) మేనేజర్ నమ్మలేదు.
ఈ) అతను చెప్పిన కారణం నమ్మేలా లేదు.
ఉ) ఏడుస్తున్న తమ్ముడిని సముదాయించాను.
ఊ) ఈ లెక్క తప్పని మా సార్‌కి నమ్మకం కలిగించాను.

జవాబులు:

అ) "ఐ పర్‌స్వేడెడ్ మై ఫ్రెండ్ టు కమ్ టు అరసవల్లి ఫర్ రథసప్తమి." రావడం పని. కన్విన్స్డ్ అని రాసినా తప్పుగా లెక్కపెట్టకండి.

ఆ) "వి ట్రైడ్ హార్డ్ టు పర్‌స్వేడ్ గ్రాండ్‌ఫాదర్ టు హావ్ ద ఆపరేషన్, బట్ హి డిడ్ నాట్ లిజన్." ట్రైడ్ లేకపోతే మొత్తం తప్పు.

ఇ) "ద మేనేజర్ వాజ్ నాట్ కన్విన్స్డ్." వాజ్ ఉందా?

ఈ) "హిజ్ రీజన్ వాజ్ నాట్ కన్విన్సింగ్."

ఉ) "ఐ కామ్డ్ మై క్రయింగ్ బ్రదర్ డౌన్." ఇక్కడ కన్విన్స్ రాసినవాళ్లు మొదటి అడుగు మళ్లీ చదవండి.

ఊ) "ఐ కన్విన్స్డ్ మై టీచర్ దట్ ద సమ్ వాజ్ రాంగ్." తెలుగులో "సార్‌కి" అని ఉంది కదా అని "టు" పెట్టారేమో చూసుకోండి. ఆరింటిలో ఎక్కువమంది తప్పేది దీన్నే.